బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్: నా భార్య ఎందుకు వద్దంటోంది?

ప్రశ్న: మా ఇంటి బేస్‌మెంట్‌లో 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి ఖాళీగా పడి ఉంది. పైకప్పు ఎత్తు ఏడున్నర అడుగులు. దాన్ని హోమ్ థియేటర్‌గా మార్చుకోవాలన్నది నా చిరకాల కోరిక. 120 అంగుళాల తెర, రెండు వరుసల కుర్చీలు, గోడలకు ఫోమ్, ఉన్న ఒక్క కిటికీని పూర్తిగా మూసేసి చీకటి చేయడం, ఇలా ప్లాను గీయించి, పని చేసేవారికి అడ్వాన్సు కూడా ఇచ్చి, ఆ తర్వాత నా భార్యకు చూపించాను. ఆమె చూసీ చూడగానే వద్దంది. ఆ శబ్దానికి పై గదిలో పడుకునే మా అమ్మకు నిద్ర ఉండదంటుంది. తొమ్మిదేళ్ల మా పాపకు ఉబ్బసం ఉంది కాబట్టి ఆ చెమ్మ గదిలో కూర్చోబెట్టనంటుంది. పదహారేళ్ల మా అబ్బాయి ఇక చదువు వదిలేసి అక్కడే ఉంటాడంటుంది. ఇవన్నీ సాకులేనని నా అనుమానం. తను సాయంత్రాలు ఆ గదిలో కూర్చుని వాళ్ల అక్కతో ఫోన్లో మాట్లాడుకుంటుంది, కుట్టుమిషన్ కూడా అక్కడే పెట్టుకుంది. ఆ పనులు ఎక్కడైనా చేసుకోవచ్చు కదా? చివరికి, "ఇంట్లో మీరు మాకు కనబడని గది ఇంకొకటి తయారవుతుంది" అని కూడా అంది. ఇరవై ఏళ్లుగా ఇంటి కోసమే ఖర్చు పెట్టాను. నాకంటూ ఒక్క కోరిక తీర్చుకోకూడదా? ఆమెను ఎలా ఒప్పించాలో చెప్పండి.

సమాధానం: మీ కోరికలో తప్పేమీ లేదని ముందుగా చెప్పాలి. ఇరవై ఏళ్లపాటు ఇంటి అవసరాలకే పెద్దపీట వేసి, తన ఇష్టాన్ని వాయిదా వేసుకుంటూ వచ్చిన మనిషి, కాస్త వెసులుబాటు చిక్కినప్పుడు ఒక మంచి గదిలో కూర్చుని తృప్తిగా సినిమా చూడాలనుకోవడం దుబారా కాదు, స్వార్థమూ కాదు. అయితే ఆమెను ఎలా ఒప్పించాలన్న ప్రశ్నకు మాత్రం నేను వెంటనే జవాబు చెప్పలేను. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఈ విషయంలో ఆమెను ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. ప్లాను పూర్తయింది, పనివారు కుదిరారు, డబ్బు చేతులు మారింది. ఆ తర్వాతే కాగితం ఆమె చేతికి వచ్చింది. అన్నీ తేలిపోయాక చెప్పిన మాటకు మనిషి ఇవ్వగలిగిన జవాబులు రెండే, సరే అనడం లేదా వద్దనడం. సరే అంటే ఈ ఇంటి నిర్ణయాల్లో తనకు పాత్ర లేదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే ఆమె వద్దంది. అడ్వాన్సు ఇచ్చిన సంగతి ఆమెకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే ఈరోజే మీ నోటితో మీరే చెప్పండి, పనివారితో మాట్లాడి మొదలుపెట్టే తేదీని వెనక్కి జరపండి. ఈ రెండూ చేయకుండా మీరు ఎంత మెత్తగా మాట్లాడినా అది ఆమెకు బుజ్జగింపులాగే వినిపిస్తుంది.

ఇంకొక సంగతి. ఆ గది ఖాళీగా ఉందని మొదట రాసిన మీరే, కొన్ని వాక్యాల తర్వాత ఆమె రోజూ సాయంత్రం అక్కడ కూర్చుంటుందని రాశారు. అత్తగారు, ఇద్దరు పిల్లలు, భర్త ఉన్న ఇంట్లో, ఎవరూ వినకుండా తోబుట్టువుతో మనసువిప్పి మాట్లాడుకోవడానికి ఆమెకు దొరికిన చోటు అదొక్కటే కావచ్చు. హాల్లో కూర్చుని మాట్లాడుకోవచ్చని మీరు అనుకుంటున్నారు గాని, అందరి చెవులూ ఉన్న చోట ఆ మాటలు ఆ మాటలుగా ఉండవు. మీకు ఒక గది కావాలనిపించడం ఎంత సహజమో, ఉన్న గది పోతుందని ఆమెకు బాధ కలగడమూ అంతే సహజం. ఆమె చెప్పిన కారణాల్లో ఈ ఒక్కటి లేకపోవడాన్ని నేను ప్రత్యేకంగా గమనించాను. తన కోసం అడగడానికి మొహమాటపడి, ఆమె మీ అమ్మగారి కోసం, పిల్లల కోసం అడిగింది.

అలాగని ఆమె చెప్పినవి సాకులు కావు. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి చూడవచ్చు, మీరు ఆ పని చేయాలని నా గట్టి సలహా.

చెమ్మ సంగతే తీసుకోండి. చెమ్మ, బూజు ఉన్న భవనాల్లో నివసించేవారికి శ్వాస సంబంధమైన ఇబ్బందులు పెరుగుతాయనీ, ఉబ్బసం తీవ్రమవుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. భూమట్టానికి దిగువన ఉండే గదికి నేల నుంచి, గోడల నుంచి తేమ చేరుతూనే ఉంటుంది. దాని మీద కార్పెట్టు పరిచి, గోడలకు బోర్డులు బిగించి, కిటికీ మూసేస్తే ఆ తేమ కంటికి కనబడకుండా లోపలే నిలిచి బూజుకు నెలవవుతుంది. రెండడుగుల చదరపు ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేసి చూడండి. షీటు అడుగున నీటి బిందువులు కనబడితే చెమ్మ నేలలోంచి వస్తోందని అర్థం, పైన కనబడితే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువగా ఉందని అర్థం. దానితోపాటు గాలిలోని తేమను కొలిచే చిన్న మీటరు ఒకటి ఆ గదిలో కొన్ని వారాలు ఉంచండి. అది తరచుగా 60 శాతం దాటుతుంటే, ఆ గదిలో ముందు జరగాల్సింది తెర బిగించడం కాదు, చెమ్మను అరికట్టడం. ఈ పరీక్షలు మీరు ఒక్కరే చేసి ఫలితం చెప్పవద్దు. షీటును ఇద్దరూ కలిసి తీసి చూడండి. పాప విషయంలో ఆమె భయానికి ఆధారం ఉందని తేలినా, లేదని తేలినా, అది మీ ఇద్దరి కళ్లముందే తేలాలి.

ఇక శబ్దం. ఇక్కడ మీ ప్లానులోనే పెద్ద లోపం ఉంది, దాన్ని మీ భార్య మీకంటే ముందు పసిగట్టింది. గోడలకు అంటించే ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని తగ్గించి మాటలు స్పష్టంగా వినబడేలా చేస్తుందే తప్ప, శబ్దం బయటకు పోకుండా ఆపదు. ముఖ్యంగా లోతైన శబ్దాలు పలికించే పెద్ద స్పీకరు, అంటే సబ్‌వూఫర్ నుంచి వచ్చే 30 హెర్ట్జ్ స్థాయి మంద్రధ్వని తరంగం పొడవు సుమారు 11 మీటర్లు ఉంటుంది. రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. అది నేల, గోడలు, దూలాల గుండా ప్రయాణించి, పై గదిలో మంచం మీద పడుకున్న మనిషికి గుండెల్లో అదురులా తెలుస్తుంది. దాన్ని తగ్గించాలంటే పైకప్పుకు రెండు పొరల జిప్సం బోర్డు వేయాలి, ఆ బోర్డు దూలాలకు నేరుగా తగలకుండా ప్రత్యేకమైన క్లిప్పుల మీద వేలాడదీయాలి, మధ్య ఖాళీలో శబ్దాన్ని పీల్చే పీచు (మినరల్ వూల్) నింపాలి, తలుపు బోలుగా కాక దట్టమైన చెక్కతో ఉండాలి, చుట్టూ ఉన్న సందులన్నీ మూయాలి. ఇంత చేసినా మంద్రధ్వని పూర్తిగా పోదు. అంతగా మూసేసిన గదికి గాలి వచ్చిపోయే మార్గం వేరుగా ఏర్పాటు చేయాల్సి వస్తుంది. ఈ ఖర్చు మీ అంచనాలో ఉందో లేదో చూసుకోండి.

అంత దూరం వెళ్లేముందు ఒక రాత్రి ఈ పని చేయండి. ఎవరి దగ్గరైనా ఒక సబ్‌వూఫర్, స్పీకర్లు అడిగి తెచ్చి ఆ గదిలో పెట్టి, మీరు కోరుకునే స్థాయిలో ఒక సినిమా దృశ్యాన్ని మోగించండి. అప్పుడు కింద రిమోటు పట్టుకుని కూర్చోవాల్సింది మీ భార్య. పైన మీ అమ్మగారి మంచం మీద దీపం ఆర్పుకుని పడుకోవాల్సింది మీరు. ఆమె మెల్లగా శబ్దం తగ్గిస్తూ వస్తుంటే, ఏ స్థాయిలో మీకు నిద్ర పట్టేలా ఉందో మీకే తెలుస్తుంది. పెద్ద వయసులో ఉన్న అమ్మగారి నిద్ర ఇట్టే చెదిరిపోతుందని గుర్తుంచుకుని, అంతకంటే ఇంకాస్త తగ్గించి రాసుకోండి. పిల్లల చెవుల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. పెద్దలు వారానికి 40 గంటలపాటు వినడానికి 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ హద్దుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగానికి పడిపోతుంది, కాబట్టి 90 డెసిబెల్స్ దగ్గర పెద్దలకైనా వారానికి నాలుగు గంటలే మిగులుతాయి.

రెండు వరుసల కుర్చీల విషయంలో నా అభిప్రాయం దాచుకోను. అవి వద్దు. వెనుక వరుస కోసం ఒక అడుగు ఎత్తు వేదిక కట్టి, పైకప్పును శబ్దం కోసం ఐదారు అంగుళాలు దించితే, అక్కడ నిలబడే మనిషికి మిగిలేది ఆరడుగులే. పైగా మీ ఇంట్లో ఉన్నది ఐదుగురు. ఆ ఐదుగురూ పట్టే వెడల్పాటి సోఫా ఒకటి ఉంటే సరిపోతుంది. 120 అంగుళాల తెర దాదాపు 8 అడుగుల 9 అంగుళాల వెడల్పు ఉంటుంది, 11 అడుగుల గోడకు అటూ ఇటూ స్పీకర్లకు చోటు ఇరుకవుతుంది. దానికి బదులు 100 అంగుళాల తెర పెట్టుకుంటే వెడల్పు 7 అడుగుల 3 అంగుళాలు. ఆ తెర కంటికి నిండుగా, 30 నుంచి 40 డిగ్రీల కోణంలో కనబడాలంటే 10 నుంచి పదమూడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. పదిన్నర అడుగుల దగ్గర కూర్చుంటే సోఫా వెనుక నాలుగడుగుల చోటు మిగులుతుంది, వెనుక గోడకు ఆనుకుని కూర్చుంటే మంద్రధ్వని అతిగా ఉబ్బి వినబడే ఇబ్బందీ తప్పుతుంది. ఆ నాలుగడుగుల చోటే మీ భార్యది. కుట్టుమిషన్‌కు ఒక బల్ల, దాని మీదికి వెలుతురు పడే దీపం, ఒక మంచి కుర్చీ, తన వస్తువులు పెట్టుకోవడానికి ఒక అర అక్కడ ఉండాలి. సాయంత్రాలు గది ఆమెది, తలుపు వేసుకునే హక్కుతో సహా. ఆ వేళల్లో మీరు రిమోటు కోసమైనా లోపలికి వెళ్లకూడదు. ఆమె ఈ ఏర్పాటుకు బదులు ఇంట్లో మరో చోటు కోరుకుంటే అదీ మంచిదే, కానీ ఆ చోటు మొదట సిద్ధం కావాలి, థియేటర్ పని ఆ తర్వాత మొదలవ్వాలి.

కిటికీని శాశ్వతంగా మూయించవద్దు. నేల కింద గదిలో మెట్లవైపు మంటలు లేచినప్పుడు బయటపడే దారి అదే కావచ్చు. దట్టమైన తెరలు వేసుకుంటే చీకటి కూడా సరిపోతుంది. పొగను గుర్తించే అలారం తప్పనిసరిగా పెట్టించండి. ఇంధనం మండించే వాటర్ హీటరు వంటిది బేస్‌మెంట్‌లో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం కూడా కావాలి.

అబ్బాయి గురించి ఎక్కువ చెప్పను. పదహారేళ్ల పిల్లవాడిని గది చెడగొట్టదు, గదికి వేళలు లేకపోవడం చెడగొడుతుంది. ఆ వేళలు మీకూ వర్తించాలి. రాత్రి ఫలానా గంటకు ఆపేయాలని వాడికి చెప్పి, అర్ధరాత్రి దాటాక మీరు కింద కూర్చుంటే ఆ నియమం వారం కూడా నిలవదు.

ఇప్పుడు ఆమె అన్న చివరి మాట దగ్గరికి వస్తాను. ఇంట్లో మీరు కనబడని గది ఇంకొకటి తయారవుతుందని ఆమె అన్నప్పుడు మీరు దాన్ని ఎత్తిపొడుపుగా తీసుకున్నారు. నాకది మీ ఉత్తరం మొత్తంలో మీ పట్ల ఉన్న అత్యంత ప్రేమపూర్వకమైన మాటగా అనిపించింది. 'ఇంకొకటి' అందంటే ఇప్పటికే ఒకటో రెండో ఉన్నాయని ఆమె ఉద్దేశం: పని గదో, ఫోనో, ఆలస్యంగా ఇంటికి చేరే అలవాటో. మీరు లేరన్న వెలితి ఆమెకు ఉంది కాబట్టే ఆ మాట వచ్చింది. లేకపోతే మీరు ఏ గదిలో కూర్చున్నా ఆమెకు పట్టేది కాదు. ఆమెతో కూర్చున్నప్పుడు చెమ్మ, శబ్దం, తెర కొలతలు అన్నీ పక్కన పెట్టి, "నేను మీకు ఎప్పుడెప్పుడు కనబడడం లేదు?" అని అడగండి. జవాబు మధ్యలో అడ్డుపడకండి. ఇరవై ఏళ్లు ఎవరి కోసం ఎంత ఖర్చు పెట్టారో ఆ పూట గుర్తు చేయకండి, ఎందుకంటే ఆ ఇరవై ఏళ్లలో ఆమె పెట్టిన శ్రమకు లెక్క పుస్తకం ఏదీ లేదు. ఆ గదిలో మీరు ఏం చూడాలనుకుంటున్నారో, ఎవరి పక్కన కూర్చుని చూడాలనుకుంటున్నారో కూడా ఆమెకు చెప్పండి. మీ ప్లానులో కుర్చీల లెక్క ఉంది గాని, ఆమె కుర్చీ ఏదో అందులో లేదు.

ఇద్దరూ ఒక మాటకు వచ్చాక పనిని ఒకేసారి కాకుండా విడతలుగా చేయించండి. చెమ్మను ఆపడం, గాలి వచ్చిపోయే ఏర్పాటు, సరైన వైరింగు, మంచి దీపాలు మొదటి విడత. గది రేపు దేనికి వాడుకున్నా ఆ డబ్బు వృథా కాదు. దాని తర్వాత రెండు మూడు నెలలు, అరువు తెచ్చిన ప్రొజెక్టరుతో తెల్లగోడ మీద సినిమాలు చూస్తూ, అనుకున్న వేళలు నిజంగా పాటించగలుగుతున్నారో లేదో చూడండి. అమ్మగారి నిద్ర ఎలా ఉందో ఆమెనే అడగండి, పాపకు ఆయాసం ఏమైనా పెరిగిందా అని డాక్టరును అడగండి. ఈ మూడూ సవ్యంగా ఉంటేనే తెర, స్పీకర్లు, పైకప్పు పని మొదలుపెట్టండి. ఇంత జరిగాక కూడా ఆమె మనసు ఒప్పుకోకపోతే, ఇప్పటికి ఆపేయండి. అడ్వాన్సులో కొంత పోవచ్చు, అది పోనివ్వండి. మొదటి విడతలో బాగుపడిన ఆ గదిని ఆమెకు వదిలి, సెలవు రోజుల్లో ప్రొజెక్టరును హాల్లో పెట్టి అందరూ కలిసి చూడండి.