‘నేను టీచర్‌ని’ అన్నప్పుడు ఆ ‘ని’ ఏమిటి?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ‘ఇట్ ఈజ్ మి’ అని రాస్తే వాళ్ల టీచర్ కొట్టేసి ‘ఇట్ ఈజ్ ఐ’ అని దిద్దారు. ‘ఈజ్’ లాంటి లింకింగ్ వెర్బ్ తర్వాత కర్తరూపమే రావాలి, కర్మరూపం రాకూడదని చెప్పారట. అప్పట్నుంచి నాకో అనుమానం పట్టుకుంది. మనం ‘నేను టీచర్‌ని’, ‘నేను తెలుగువాణ్ణి’ అంటాం. ‘ని’ ద్వితీయా విభక్తి, అంటే కర్మ కదా! ఆ లెక్కన ఇన్నాళ్లూ తప్పు మాట్లాడుతున్నట్టేనా? ‘నేను టీచర్’ అనడమే సరైనదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అమ్మా, మీరు తప్పేమీ మాట్లాడటం లేదు. ‘నేను టీచర్‌ని’ నిక్షేపమైన తెలుగు. అందులోని ‘ని’ ద్వితీయా విభక్తి కానే కాదు. చూడ్డానికి అలా ఉంటుంది, అంతే.

కావాలంటే మాటను బహువచనంలోకి మార్చి చూడండి. ‘సభలో ఒక కవిని చూశాను’ అన్నది ‘కవులను చూశాను’ అవుతుంది. విభక్తి అక్కడే ఉంది. మరి ‘నేను కవిని’? అది ‘మేము కవులం’ అవుతుంది. ‘మేము కవులను’ అని ఎవరూ అనరు. ఎదుటి మనిషితో అయితే ‘నువ్వు కవివి’ అంటాం. విభక్తే అయితే నేను, నువ్వు, మేము అని మనిషి మారినప్పుడల్లా అదీ మారిపోవాల్సిన పనేముంది? ఇప్పుడు వీటిని క్రియల పక్కన పెట్టి పైకి చదవండి: వచ్చాను, కవిని. వచ్చావు, కవివి. వచ్చాం, కవులం. క్రియ చివర ‘ఎవరు’ అన్నది చెప్పే ప్రత్యయమే ఇక్కడ నామవాచకం చివరా చేరింది. అంటే మీ ‘టీచర్‌ని’లో ‘ని’ అంటే ‘నేను’ అనే అర్థం.

పాత గ్రాంథికంలో ఈ గందరగోళం ఇంతగా లేదు. ‘నేను సేవకుడను, నీవు సేవకుడవు, మేము సేవకులము, మీరు సేవకులరు’ అని రాసేవారు. ద్వితీయ అయితే ‘సేవకుని’. రెండూ వేరువేరుగా కనిపించేవి. వాడుకభాషలో ‘సేవకుడిని’ అన్న ఒక్క రూపమే రెండు పనులూ చేస్తోంది కాబట్టి మీకు అనుమానం రావడం సహజమే. ‘మీరు సేవకులరు’లోని ‘రు’ మాత్రం వాడుకలోంచి పూర్తిగా పోయింది. మిగతావి నిలిచాయి.

ఇది మన భాషలో చాలా పాత పద్ధతి. వైష్ణవులు వినయంగా తమను తాము ‘అడియేన్’ అని చెప్పుకోవడం మీరు వినే ఉంటారు. అది తమిళం. ‘అడి’ అంటే పాదం. పాదాలను ఆశ్రయించిన దాసుణ్ణి అని ఆ మాటకు అర్థం. చివరి ‘ఏన్’ మన ‘ని’ లాంటిదే, ‘నేను’ అని చెబుతుంది. ఈనాటి తమిళులు ‘నాన్ ఆసిరియర్’ అని ఊరుకుంటారు, ప్రత్యయం చేర్చరు. కన్నడంలోనూ ‘నాను శిక్షక’ అంటే సరిపోతుంది. పక్కవాళ్లు వదిలేసుకున్నదాన్ని మనం రోజూ వాడుతున్నాం. అందుకే దీన్ని తప్పేమో అనుకుని దిద్దుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంగ్లీషు సంగతికి వస్తే, టీచర్‌గారు దిద్దినది వ్యాకరణం ప్రకారం సరైనదే. పరీక్షలో అలాగే రాయమనండి. 14వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ‘ఇట్ యామ్ ఐ’ అనేవారు. తర్వాత అది ‘ఇట్ ఈజ్ ఐ’ అయింది, ఆ తర్వాత జనం నోట ‘ఇట్ ఈజ్ మి’ వచ్చింది. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో ‘బి’ క్రియ తర్వాత ఎప్పుడూ కర్తరూపమే వస్తుందని సూత్రం కట్టాడు. లాటిన్‌లో పద్ధతి అది. ఆక్సిజన్ మీద పరిశోధనలతో పేరు పొందిన జోసెఫ్ ప్రీస్ట్లీ వ్యాకరణం కూడా రాశాడు. ఆయన మాత్రం జనం వాడుకవైపే మొగ్గాడు. ఇవాళ మాట్లాడేటప్పుడు ‘ఇట్స్ మి’ అంటే ఎవరూ తప్పుపట్టరు. కాబట్టి అమ్మాయి దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఆ సూత్రాన్ని తెచ్చి తెలుగుకు తగిలించడంలోనే చిక్కంతా ఉంది. ఇలాంటి వాక్యాల్లో మనకు లింకింగ్ వెర్బే లేదు. ‘నేను బాలుడనై ఉన్నాను’ అన్నది ఇంగ్లీషు పాఠాల్లో ‘యామ్’కు అర్థం చెప్పడం కోసం కల్పించిన వాక్యం. మన ఇళ్లలో ఎవరూ అలా అనరు. తలుపు కొడితే లోపల్నుంచి ‘ఎవరూ?’ అంటారు. బయట్నుంచి ‘నేనే’ అంటాం. నీళ్ల మీద నడిచి వస్తూ యేసు శిష్యులతో అన్న మాట 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ‘ఇట్ ఈజ్ ఐ’ అని మూడు ముక్కలుగా ఉంటే, తెలుగు బైబిల్లో ‘నేనే’ అన్న ఒక్క మాటే ఉంది.

ఇంకోటి చూడండి. ‘పిలిచింది నేనే’, ‘పిలిచింది నన్నే’. రెండూ మంచి తెలుగు వాక్యాలే. మొదటిదానిలో పిలిచిన మనిషిని నేను, రెండోదానిలో పిలుపు అందుకున్న మనిషిని నేను. పని చేసినవాళ్లెవరో, ఎవరికి జరిగిందో చూసుకుని ‘నేను’ కావాలో ‘నన్ను’ కావాలో మనం తేల్చుకుంటాం. లౌత్ సూత్రం పట్టుకుంటే రెండుచోట్లా ‘ఐ’ అనే రాయాలి. ఈ విషయంలో తెలుగు పద్ధతే ఎక్కువ అర్థవంతమని నా అభిప్రాయం.

ఇక ‘నేను టీచర్’, ‘నేను ఒక టీచర్’ అనే వాడుక. ఈమధ్య టీవీల్లో, ఇంటర్వ్యూల్లో తరచూ వినిపిస్తోంది. అర్థం కాకపోదు. కానీ ‘నువ్వు మంచివాడు’ అని ఎవరైనా అంటే వాక్యం మధ్యలో ఆగినట్టు చెవికి తెలిసిపోతుంది కదా! ఇదీ అంతే. ‘ఒక’ అయితే ఇంగ్లీషు ‘ఎ’కు అనువాదంగా వచ్చి చేరింది, దాని అవసరమే లేదు. ఈసారి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు టీచర్‌గారు మిమ్మల్ని గుర్తుపట్టకపోతే, ‘నేనండీ, ఫలానా అమ్మాయి వాళ్లమ్మని’ అనండి.