నర్సులకు మానసిక వైద్యంలో దారి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేసి ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మానసిక వైద్యం వైపు వెళ్లాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఆరు నెలల కౌన్సెలింగ్ డిప్లొమా చేస్తే చాలంటున్నారు. నిజమేనాండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫీజు కట్టేముందు వాళ్లను ఒక్క మాట అడగండమ్మా: ఆ కోర్సు అయ్యాక మీ పేరు ఏ కౌన్సిల్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది? సూటిగా చెప్పలేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే సైకాలజీ చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు పూర్తిచేసి, అక్కడ నమోదు కావాలి. మీకది దాదాపు మొదటికి రావడమే.

చేతిలో ఉన్న నర్సింగ్ రిజిస్ట్రేషన్‌తో వెళ్లే దారి దగ్గర. సైకియాట్రిక్ నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ (నర్సింగ్ చదువు అయ్యాక చేసే) డిప్లొమా ఒక్క ఏడాది. పాఠాలు చెప్పే ఉద్యోగం కూడా కావాలనుకుంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఆపైన మెంటల్ హెల్త్ నర్సింగ్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ. ఎమ్మెస్సీకి బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు. కోర్సు ఏదైనా ఆ కళాశాలకు గుర్తింపు ఉందో లేదో చూశాకే చేరండి. నైట్ డ్యూటీలు తప్పుతాయని మాత్రం ఇటు రావద్దు, ఇక్కడా తప్పవు.

ప్రశ్న: మా వార్డులో ఒక పేషెంటు మాత్ర మింగినట్టే మింగి బుగ్గలో దాస్తున్నారు. పొడి చేసి అన్నంలో కలిపేయమని వాళ్లింట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?
– స్టాఫ్ నర్సు, వరంగల్

జవాబు: కలపకండి. ఒక్కసారి పసిగట్టారంటే అన్నం కూడా మానేస్తారు. పైగా కొన్ని మాత్రలు నెమ్మదిగా కరిగేలా తయారుచేసినవి. బైపోలార్ జబ్బుకిచ్చే లిథియంలో ఎస్సార్ (నెమ్మదిగా కరిగే) రకం లాంటిది పొడి చేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

మందులు ఒక్కొక్కరికీ విడిగా, గ్లాసెడు నీళ్లతో ఇవ్వండి. మింగాక రెండు మాటలు మాట్లాడించి, నాలుక కింద, బుగ్గకూ చిగురుకూ మధ్య చూడండి. దిండు గలీబు, జేబులు కూడా. పోగేసిన మాత్రలన్నీ ఒకేసారి మింగే ప్రమాదం ఉంది, అందుకే దొరికినవి లెక్కపెట్టి నోట్స్‌లో రాసి, డాక్టరుకు ఆ పూటే చెప్పాలి.

ఎందుకు దాస్తున్నారో కూడా అడగండి. సైకోసిస్‌కు (లేనివి వినిపించడం, భ్రమలు) ఇచ్చే హాలోపెరిడాల్‌తో మెడ పట్టేయడం, చేతులు వణకడం, కాలు ఒక్కచోట నిలవకపోవడం ఉంటాయి. వాళ్ల మొండితనం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, నోట్లో కరిగే మాత్రకో, వారాల తరబడి పనిచేసే డిపో ఇంజెక్షన్‌కో మార్చవచ్చు.

లిథియం అయితే ఇంకో చిక్కుంది. మాత్రలు దాచేస్తే రక్తంలో మందు లెవెల్ తక్కువ వస్తుంది, అది చూసి మోతాదు పెంచుతారు. ఇంటికెళ్లాక భార్యో తల్లో దగ్గరుండి మింగిస్తే ఆ పెంచిన మోతాదంతా నిజంగా ఒంట్లోకి చేరుతుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని డిశ్చార్జి రోజున చెప్పండి. లెవెల్ కోసం రక్తం తీయాల్సింది చివరి డోసు వేసిన 12 గంటలకు. ఉదయం మాత్ర వేశాక తీస్తే అంకె ఎక్కువగా చూపిస్తుంది.