ప్రోటోటైప్ కార్ట్రిడ్జ్: ముందు కాపీ, తర్వాతే ఆట

ప్రశ్న: విడుదల కాని మెగా డ్రైవ్ (సెగా కంపెనీ పాత గేమ్ కన్సోల్) గేమ్ ప్రోటోటైప్ (తయారీ దశలోని నమూనా కార్ట్రిడ్జ్) దొరికింది. లోపల సాకెట్లలో రెండు ఈప్రామ్ (అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాయగల మెమరీ) చిప్‌లున్నాయి. ఆడి చూడొచ్చా? నలుగురికీ ఎలా పంచాలి?

జవాబు: ఇప్పుడే ఆడకండి, ముందు కాపీ తీయండి. చిప్ పైనున్న గాజు కిటికీ మీద అంటించిన స్టిక్కర్ పీకొద్దు. నేరుగా ఎండ తగిలితే సుమారు వారంలో, ట్యూబులైటు వెలుగులోనే ఉంచేస్తే దాదాపు 3 ఏళ్లలో డేటా చెరిగిపోతుంది. స్టిక్కర్ మీది తేదీ, వెర్షన్ స్పష్టంగా కనబడేలా బోర్డుకు రెండువైపులా ఫొటోలు తీయండి. తర్వాత ఏ చిప్ ఏ సాకెట్‌లోదో, 1వ పిన్ ఎటుందో రాసుకుని, చిప్‌లను చదివే పరికరమైన ఈప్రామ్ ప్రోగ్రామర్‌లో ఒక్కోదాన్ని కనీసం 3 సార్లు రీడ్ చేయండి. ఎస్‌హెచ్‌ఏ-1 విలువ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) ప్రతిసారీ మారుతోందంటే పిన్నులకు తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా చిప్‌లోని ఛార్జ్ బలహీనపడి ఉండొచ్చు. పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చదవండి.

ఇలాంటి బోర్డుల్లో సాధారణంగా ఒక చిప్‌లో సరి బైట్లు, ఇంకోదానిలో బేసి బైట్లు ఉంటాయి. వాటిని ఒకటి విడిచి ఒకటిగా కలిపితేనే కంప్యూటర్‌లో కన్సోల్‌లా పనిచేసే ఎమ్యులేటర్‌లో నడుస్తుంది. పంచేటప్పుడు కలపని ఫైళ్లనూ ఫొటోలనూ కూడా జతచేయండి. బగ్‌లు మాత్రం సరిచేయకండి, గేమ్ ఎలా రూపుదిద్దుకుందో చెప్పేవి అవే. కార్ట్రిడ్జ్ మీదైనా కాపీహక్కు మీది కాదు కాబట్టి కాపీలు అమ్మకండి.