డిక్రీ అడగడానికి మొహమాటం, డిటెక్టివ్‌కు లేదా?

ప్రశ్న: నా వయసు 34. డేటింగ్ యాప్‌లో పరిచయమైన వ్యక్తితో ఏడు నెలలుగా మాట్లాడుతున్నాను, కొన్నిసార్లు కలుసుకున్నాం. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. తనకు విడాకులయ్యాయని ఆయన మొదట్లోనే చెప్పారు. వివరాలు అడిగితే మాత్రం ‘అయిపోయిన గొడవ ఇప్పుడెందుకు’ అంటారు. గుచ్చి అడిగి నొప్పించలేక డిటెక్టివ్‌ను పెడదామనుకుంటున్నాను. టెలికాం సంస్థలో పనిచేసే స్నేహితురాలు ఆయన కాల్ రికార్డులు తీసి ఇస్తానంటోంది. ఇది తప్పవుతుందా? ఇంకో సంగతి. యాప్‌లో నా వయసు 31 అని రాశాను. ఒకసారి నిశ్చితార్థం అయి తప్పిపోయిన విషయమూ ఆయనకు చెప్పలేదు. ఇవి రేపు నాకు ఇబ్బంది తెస్తాయా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు నచ్చినది చివరి భాగం. అవతలివారి గుట్టు విప్పమని వచ్చేవారే గాని, తాము దాచినదాని సంగతేమిటని అడిగేవారు నా దగ్గరకు అరుదుగా వస్తారు. దాని గురించి తర్వాత చెబుతాను. ముందు ఆయన విడాకుల సంగతి చూద్దాం.

‘విడాకులయ్యాయి’ అని చెప్పుకునేవారిలో చట్టం దృష్టిలో ఇంకా వివాహితులుగానే ఉన్నవారు ఉంటారు. వారంతా మోసగాళ్లు కారు. భార్యాభర్తలు పదేళ్లుగా వేరుగా ఉంటే విడిపోయినట్టేనని కొందరు నమ్ముతారు. పెద్దల ఎదుట స్టాంపు కాగితం మీద సంతకాలు చేసుకుని అదే విడాకుల పత్రమనుకుంటారు. ఏదైనా కులంలో, తెగలో అలాంటి ఆచారాన్ని చట్టం గుర్తించిన సందర్భాలు ఉన్నా, ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలి. పరస్పర అంగీకారంతో పిటిషన్ వేసి, రెండోసారి కోర్టుకు వెళ్లకుండా వదిలేసినవారూ ఉంటారు. డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు) వచ్చినా అప్పీలు గడువు ముగియాలి. హిందూ వివాహ చట్టం కింద ఆ గడువు 90 రోజులు. అవతలి పక్షం కోర్టుకు రాకుండానే ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే మరింత జాగ్రత్త అవసరం. దాన్ని రద్దు చేయమని మొదటి భార్య దరఖాస్తు పెట్టి ఉండవచ్చు.

అందుకే మాట కాదు, డిక్రీ ధ్రువీకృత నకలు చూడాలి. కోర్టు పేరు, కేసు నంబరు, తేదీ రాసుకోండి. ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసు స్థితి చూడటానికి రుసుము లేదు. అయితే కుటుంబ వివాదాల విచారణ గోప్యంగా జరగాలని చట్టమే చెబుతోంది కాబట్టి అక్కడ అన్ని వివరాలూ కనిపించకపోవచ్చు. ఒకే పేరుతో పదిమంది ఉండవచ్చు. వెతికితే ఏమీ దొరకలేదంటే ఏ కేసూ లేదని అర్థం కాదు.

అడగడానికి మొహమాటపడుతున్నారు. ఆ మొహమాటాన్ని చట్టం మీదకు నెట్టేయండి. ప్రత్యేక వివాహ చట్టం సెక్షన్ 4 ప్రకారం పెళ్లినాటికి ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్యగాని భర్తగాని ఉండకూడదు. వివాహ అధికారికి ఇచ్చే నోటీసులో అవివాహితులా, విడాకులైనవారా అన్నది రాయాలి. ‘నోటీసు వేసేటప్పుడు మీ డిక్రీ నకలు కావాలట, ఒకసారి పంపండి’ అంటే సరిపోతుంది. ఇందులో అనుమానపు వాసన లేదు, అబద్ధమూ లేదు. ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెడతారు. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఈ బహిరంగ ప్రకటన వల్ల ప్రేమజంటలు పడే పాట్లు నేను చూశాను, దాని మీద నాకు సదభిప్రాయం లేదు. మీ విషయంలో మాత్రం దానివల్ల కొంత మేలు జరగవచ్చు.

ఇక డిటెక్టివ్. పెట్టుకోవడమే నేరం కాదు. ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలను నియంత్రించే బిల్లు 2007లో రాజ్యసభలో పెట్టారుగాని అది చట్టం కాలేదు. అంటే ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, మీరు నమ్మే మనిషికి లైసెన్సు అంటూ ఏమీ ఉండదు. ఆఫీసులో నిజంగా పనిచేస్తున్నారా, చెప్పిన చిరునామాలో ఉంటున్నారా అని మర్యాదగా ఆరా తీయడం వరకు పర్వాలేదు. కాల్ రికార్డులు, బ్యాంకు ఖాతా, వైద్య వివరాలు, ఫోన్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ అంటే నేరంలోకి అడుగుపెట్టినట్టే. కాల్ రికార్డులు అక్రమంగా సంపాదించి అమ్మారన్న ఆరోపణపై 2018లో ఠాణే పోలీసులు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. అనుమతి లేకుండా ఇతరుల ఫోనులోకో కంప్యూటర్లోకో చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. చేసినవారితోపాటు చేయించినవారూ బాధ్యులే. మీ స్నేహితురాలి ఉద్యోగం పోయే పని మీ చేతుల మీదుగా జరగనివ్వకండి. ఇది చదివే మగవారికి ఒక మాట: స్త్రీ ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద ‘వెంటపడటం’ అనే నేరం కాగలదు.

ఆయన నిజంగానే పెళ్లి దాచి మిమ్మల్ని పెళ్లి చేసుకుంటే? ఆ పెళ్లి చెల్లదు. మొదటి పెళ్లి దాచి మళ్లీ పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82(2) కింద పదేళ్ల వరకు శిక్ష ఉంది. ఇలా మోసపోయిన రెండో భార్య కూడా ఫిర్యాదు చేయవచ్చని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. చేసుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి ఆశ చూపి శారీరక సంబంధం పెట్టుకోవడం అదే సంహిత సెక్షన్ 69 కింద నేరం. అయితే మొదటి నుంచీ మోసం చేయాలనుకోవడం వేరు, నిజంగా అనుకుని తర్వాత మాట తప్పడం వేరు. ఇలాంటి కేసుల్లో కోర్టులు మొదట తేల్చేది ఇదే. ఆయన డబ్బు అడగడం మొదలుపెడితే ఈ సెక్షన్లన్నీ పక్కనబెట్టి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ సంగతి. ప్రత్యేక వివాహ చట్టం సెక్షన్ 25 ప్రకారం మోసంతో సమ్మతి తీసుకున్న పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. మోసం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ చట్టం మనల్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం దగ్గరకు పంపుతుంది. మాట్లాడాల్సిన బాధ్యత ఉంటే తప్ప ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదని అందులో ఉంది. తప్పిపోయిన నిశ్చితార్థం గురించి ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు. చట్టం దృష్టిలో అందులో పస లేదు. వయసు అలా కాదు. 31 అని మీరే రాశారు. మూడేళ్ల తేడాకే కోర్టు పెళ్లి రద్దు చేస్తుందని నేను అనను. కాని కాపురంలో కలతలు వచ్చినప్పుడు అవతలి న్యాయవాది పిటిషన్‌లో మొదటి పేరాగా రాసేది అదే. పైగా దాన్ని దాచి ఉంచడం కుదరదు. నోటీసులో వయసు రాయాలి, దానికి రుజువు చూపాలి. పెళ్లి రోజు ఇద్దరూ సంతకం చేసే ప్రకటనలో కూడా వయసు ఉంటుంది. అందులో తెలిసి అబద్ధం రాస్తే శిక్షార్హమైన నేరం. యాప్‌లో రాసిన అబద్ధం ఆయనతో తేల్చుకోవలసిన సంగతి, ఆ ప్రకటనలో రాసేది మాత్రం చట్టంతో తేల్చుకోవలసిన సంగతి.

నిజం తెలిసి, దానికి ఒప్పుకుని పెళ్లి చేసుకున్న మనిషి ఆ తర్వాత మోసపోయానని అనలేరు. కాబట్టి నోటీసు మీద సంతకాలకు ముందే అసలు వయసు చెప్పండి. ఎదురుగా చెప్పాక అదే మాట సందేశంగానూ పంపండి. డిక్రీ నకలు అడగడానికి కూడా అదే సమయం. ఆయన ఇచ్చే జవాబు ఏదైనా సరే, ఆ సంభాషణను చెరిపేయకండి, ఫోను మార్చినా పాత ఫోనును అలాగే ఉంచుకోండి.