రామన్ మృదంగం పట్టుకున్నాడా?

ప్రశ్న: మాస్టారూ, మా వాడు పదో తరగతి. రెండేళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాడు. పుస్తకం తియ్యరా అంటే, "సి.వి. రామన్ అంతటాయనే మృదంగం ముందేసుకుని కూర్చున్నాడు, నీకు తెలీదులేమ్మా" అంటాడు. ఆయనకు నోబెల్ వచ్చింది వెలుతురు మీద కదా! వీడు నన్ను మభ్యపెడుతున్నాడా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: మీవాడు అబద్ధం చెప్పలేదు తల్లీ, సగం చెప్పి ఊరుకున్నాడు. నోబెల్ 1930లో వెలుతురుకే వచ్చింది. కానీ అంతకు ముందు చాలా ఏళ్లు రామన్‌ను పట్టి లాగింది నాదం. విశాఖపట్నంలో లెక్చరరుగా పనిచేసిన తండ్రికి వయొలిన్ వచ్చు. కొడుకు ఆ తీగల కదలికల మీదే పెద్ద గ్రంథం రాశాడు. వీణ, తంబూరాలనూ వదల్లేదు.

ఇక మృదంగం. ఊరికే బిగించిన తోలు కొడితే వచ్చేది మోత, స్వరం కాదు. దాని అసలు స్వరానికి తోలు ఊగే వేగం 1 అనుకుంటే, దాంతోపాటే మోగే పై స్వరాలవి 1.59, 2.14, 2.30... ఇలా పొంతన లేకుండా వస్తాయి. తీగకైతే 1, 2, 3, 4 అని వరసగా ఉంటాయి, అందుకే చెవికి ఇంపు. మరి మృదంగం కుడి మూత శ్రుతిలో ఎలా పలుకుతుంది? నడుమ ఉన్న ఆ నల్ల మందు వల్ల! ఆ బరువుకు అసలు స్వరం బాగా కిందికి దిగుతుంది. నడిమధ్యన కదలిక లేని పై స్వరాలు అంతగా దిగవు. దాంతో 1.59 కాస్తా 2 దగ్గరికి చేరుతుంది. రామన్ శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో ఈ సంగతి రాశాడు. 1934లో మళ్లీ పట్టుకుని, మూత మీద సన్న ఇసుక చల్లి, కదలని చోట్ల అది గీతలుగా చేరడం చూసి, తొమ్మిది రకాల కదలికలు అయిదు స్వరాలుగా కుదురుకుంటాయని చూపించాడు. లెక్క రాని మన పాతకాలపు పనివాళ్లు చెవితోనే ఇది సాధించారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చిత్తూరులో పాఠాలు చెప్పే రోజుల్లో నేనూ నీవా ఏటి ఇసుక జల్లించి, ఒక మిత్రుడి మృదంగం మీద చల్లాను. గీతలు బాగానే పడ్డాయి. ఇసుక మాత్రం నల్ల మందు పగుళ్లలో దూరింది. ఆయన నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

మీవాడు చెప్పని సగం ఇది: రామన్ 1907లో ఎం.ఏ. పూర్తిచేసి, కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరాడు. కలకత్తాలో ఉన్నన్నాళ్లూ ఆఫీసుకు పోయే ముందూ, వచ్చాకా బౌబజార్ వీధిలోని ప్రయోగశాలలో పనిచేశాడు. 1917లో ప్రొఫెసర్ అయ్యాకే ఆ ఉద్యోగం వదిలాడు. పగలంతా పద్దులే!

వాణ్ని ఒకటి చెయ్యమనండి. ఉంగరపు వేలు మూత మీద ఆనించి, చూపుడు వేలితో అంచు మీద "నం" కొట్టాలి. తర్వాత ఉంగరపు వేలు తీసేసి కొట్టాలి. రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో మీకు విడమరిచి చెప్పగలిగితే ఆ పూటకు పుస్తకం మాఫీ. గీతలు చూడాలంటే ఇసుక వద్దు, ఎండిన బొంబాయి రవ్వ చల్లమనండి, అదీ గురువుగారిని అడిగాకే.