మెకానిక్ ఉద్యోగం నుండి సొంత ట్రక్కుల దాకా: అమెరికాకు కొత్తగా వచ్చిన కుటుంబాలకు

తోబుట్టువుల పిటిషన్ మీద గ్రీన్ కార్డుతో కుటుంబసమేతంగా అమెరికా వచ్చిన డీజిల్ మెకానిక్కులు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: చేతిలో పని ఉంది, ఇంటిల్లిపాదీ కష్టపడతాం, ఒక ట్రక్కు కొని సొంత వ్యాపారం మొదలుపెట్టవచ్చా? తప్పకుండా పెట్టవచ్చు, కానీ వచ్చిన ఏడాదే వద్దన్నది నా గట్టి అభిప్రాయం. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవారికి మాత్రం ఈ సలహా వర్తించదు, ఎందుకంటే సొంత ట్రక్కు నడుపుకొని సంపాదించడానికి ఆ వీసా అనుమతించదు.

ముందు ఏదైనా ట్రక్కు రిపేరు షాపులో జీతానికి కుదురుకోండి. ఏఎస్‌ఈ సంస్థ (మెకానిక్కుల నైపుణ్యానికి సర్టిఫికెట్లు ఇచ్చేది) భారీ ట్రక్కుల కోసం నిర్వహించే పరీక్షల్లో డీజిల్ ఇంజన్లకు సంబంధించిన టీ2, బ్రేకులకు సంబంధించిన టీ4 ముందుగా రాయడం మంచిది. సర్టిఫికెట్ రావాలంటే రెండేళ్ళ అనుభవం కూడా చూపించాలి కాబట్టి ఆ కాలం వృథా కాదు. చేతి పనిముట్లు మెకానిక్కే కొనుక్కోవడం ఇక్కడి ఆనవాయితీ, వాటిని అప్పు మీద అమ్మే వ్యానులు షాపు దగ్గరికే వస్తాయి. ఆ అప్పులు పెంచుకోకుండా రోజూ చేతికి కావలసినవి మాత్రమే కొనండి. షాపులో ఉండగా నేర్చుకోవలసిన అసలు విద్య మరొకటి ఉంది. ఏ ఇంజను ఎన్ని మైళ్ళకు మరమ్మతుకు వస్తోంది, ఏ భాగం దొరకక ఎన్ని రోజులు బండి నిలిచిపోతోంది అన్నది ఆ షాపులో కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

పాత ట్రక్కు కొనేటప్పుడు మెకానిక్ కన్ను విలువ తెలుస్తుంది. ఇంజను ఐడిల్‌లో తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీయండి. పొగ ఉధృతంగా తన్నుకొస్తుంటే రింగులు, లైనర్లు అరిగాయేమోనని అనుమానించి, ఆయిలు నమూనాను ల్యాబుకు పంపకుండా బేరం ఆడవద్దు. ఇంజను కంప్యూటరులోని వివరాలను తీయించి, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఎంత తరచుగా రీజెన్ అవుతోందో (ఆ మసిని కాల్చుకుంటోందో), ఐడిల్‌లో ఎన్ని గంటలు నడిచిందో చూడండి. పొగ శుద్ధి పరికరాలను తొలగించిన బండి ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోవద్దు, అది క్లీన్ ఎయిర్ యాక్టుకు విరుద్ధం. తరువాత బ్రేకుల గాలి ఒత్తిడి 90 నుండి 100 పీఎస్‌ఐ మధ్య ఉంచి, ఒకరు బ్రేకు తొక్కుతుండగా మరొకరు కిందికి దూరి, బ్రేకును నెట్టే పుష్‌రాడ్ ఎంత బయటికి వస్తోందో కొలవాలి. ఆ రాడ్డును గాలితో కదిలించే మామూలు టైపు 30 చాంబరుకు అది 2 అంగుళాలు మించకూడదు. మించితే, బ్రేకు అరిగేకొద్దీ సందును సరిచేసే ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టరును చేత్తో బిగించి సరిపెట్టకుండా, అది తనంతట తాను ఎందుకు సర్దుకోలేదో కనిపెట్టాలి. అయిదు యాక్సిళ్ళ బండికి పది బ్రేకులుంటాయి. రోడ్డు తనిఖీలో వాటిలో 20 శాతం, అంటే రెండు, లోపభూయిష్టమని తేలితే బండిని అక్కడే ఆపేస్తారు. లోడు ఆలస్యం కావడమే కాక, ఆ తనిఖీ మీ కంపెనీ రికార్డులో చేరుతుంది.

మొదటి ట్రక్కును సొంత అథారిటీ (సరుకు రవాణాకు ప్రభుత్వమిచ్చే అనుమతి) మీద కాకుండా, పేరున్న క్యారియరు, అంటే రవాణా కంపెనీ, కింద లీజుకు నడపడం క్షేమం. సాధారణ సరుకు రాష్ట్రాలు దాటించి రవాణా చేయడానికి చట్టం కోరే కనీస బాధ్యత బీమా 7,50,000 డాలర్లే అయినా, లోడ్లు ఇప్పించే బ్రోకర్లు ఎక్కువగా పది లక్షల డాలర్ల బీమా అడుగుతారు. కొత్త కంపెనీకి ప్రీమియం చాలా ఎక్కువ, పైగా చాలామంది బ్రోకర్లు కొత్త అథారిటీకి లోడు ఇవ్వడానికి ఇష్టపడరు. లోడు దించిన నెల తరువాత డబ్బు వస్తుంటే డీజిలుకు చేతి నుండే పెట్టుకోవాలి. ఈ కాలాన్ని తట్టుకొనేందుకు మెకానిక్ ఇంకా షాపు జీతం తెచ్చుకుంటూ, డ్రైవింగును మరొకరికి అప్పగించడమే నేను చూసినంతలో నిలదొక్కుకున్న కుటుంబాల పద్ధతి.

అథారిటీ తీసుకున్నాక కాగితాల పని మొదలవుతుంది. ఇక్కడే ఇంట్లోవాళ్ళ అవసరం నిజంగా తెలిసివస్తుంది. మొదటి 18 నెలలు కొత్త క్యారియరుగా ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటుంది, ఆ వ్యవధిలో సేఫ్టీ ఆడిట్ జరుగుతుంది. మూడు నెలలకొకసారి, రాష్ట్రాలవారీగా లెక్కగట్టే ఇఫ్టా ఇంధన పన్ను, సంవత్సరానికొకసారి 55,000 పౌన్లు, ఆపై బరువున్న బండికి భారీ వాహనాల పన్ను కట్టే 2290 ఫారం, డ్రైవర్లకు డ్రగ్ పరీక్షలు జరిపించే ఉమ్మడి సంస్థ (కన్సార్షియం)లో సభ్యత్వం, డ్రైవరు ఫైలు, ప్రతి బండి మరమ్మతు రికార్డు, ఇవన్నీ ఒక మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషి భార్య కావచ్చు, చదువుకున్న కూతురు కావచ్చు, ఎవరైనా జీతం ఇచ్చి పేరోల్‌లో పెట్టండి. ఇంటి పని కదా అని ఊరికే చేయించుకుంటే, కొన్నాళ్ళకు ఆ పనికి దక్కే గౌరవం తగ్గిపోతుంది. వార్షిక తనిఖీని, తగిన అర్హత ఆధారాలు ఫైల్లో ఉంటే, మెకానిక్ తానే చేసి సంతకం పెట్టవచ్చు, ఆ నివేదికను 14 నెలలు భద్రపరచాలి.

బావమరుదులు, తమ్ముళ్ళు డబ్బు వేసుకుని కలిసి కొనాలనుకుంటే పరిమిత బాధ్యత కంపెనీ, అంటే ఎల్‌ఎల్‌సీ పెట్టి, ఎవరి వాటా ఎంత, ఎవరు విడిపోతే బండికి విలువ ఎలా కడతారన్నది ముందే రాసుకోండి. మనవాళ్ళం కదా అని మొహమాటపడితే ఆ బంధుత్వమే ముందుగా దెబ్బతింటుంది. కొడుకును డ్రైవరు చేయాలంటే రాష్ట్రాల మధ్య నడపడానికి 21 ఏళ్ళు నిండాలి, 18 నిండితే సొంత రాష్ట్రంలోనే నడపగలడు. 2022 ఫిబ్రవరి నుండి భారీ వాహనాలు నడిపే లైసెన్సుకు, అంటే కొత్త సీడీఎల్‌కు గుర్తింపు పొందిన శిక్షణ తప్పనిసరి. ఇంగ్లీషులో అధికారితో మాట్లాడి బోర్డులు చదవగలగాలన్న నియమం పాతదే అయినా, 2025 జూన్ నుండి తనిఖీలో దాన్ని కఠినంగా అమలు చేస్తున్నారు, అందువల్ల ఇంట్లో పెద్దవారు నడపదలచుకుంటే మొదట ఆ సాధన చేయించండి.

రెండో ట్రక్కు కొనాలా అన్న ప్రశ్నకు నేను చెప్పే కొలత ఒక్కటే: మొదటి బండి ఇంజను రేపే ఓవర్‌హాలుకు వస్తే అప్పు లేకుండా చేయించగల సొమ్ము బ్యాంకులో ఉందా? లేకపోతే ఇంకా ఆగండి.