కడుపు మీద గీసే ముందు నీ చెయ్యి చూసుకో

అబ్బోడా,

తిరుపతి రుయా ఆసుపత్రిలో మెడిసిన్ పోస్టింగ్ పడిందని మీ నాయన చెప్పాడు, సంతోషం. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నా. మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగిరే జెర్క్ అందరికీ వస్తోంది, కడుపు రిఫ్లెక్స్ కోసం చర్మం మీద గీస్తే మాత్రం సగం మందికి ఏమీ కదలడం లేదు, కేస్ షీట్‌లో ‘ఆబ్సెంట్’ అని రాసేయొచ్చా అత్తా అని అడిగావు. రాసేయొద్దు. రాసే ముందు నీ చేతిని అనుమానించు, తర్వాత పేషెంట్‌ని.

చల్లటి వార్డులో, చొక్కా సగం ఎత్తి, మనిషి తల లేపి నువ్వేం చేస్తున్నావో తొంగి చూస్తుంటే ఏ కడుపూ పలకదు, ఎందుకంటే కండరం అప్పటికే బిగుసుకుని ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టు, మోకాళ్లు కాస్త మడవమను, చేతులు పక్కన పెట్టమను. ఆడవాళ్లయితే తెర లాగి, సిస్టర్‌ని పక్కన ఉంచుకుని, ‘అమ్మా, కడుపు మీద ఊరికే ఒక గీత గీస్తాను, నొప్పుండదు’ అని చెప్పాకే చీర జరపమను. పుత్తూరు, నగరి వైపు నుంచి వచ్చే వాళ్లలో తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ, ఆ నాలుగు ముక్కలు తమిళంలో నేర్చుకుంటే నీ టైమే కలిసొస్తుంది. గీసేటప్పుడు ఆ సుత్తి, అదే రిఫ్లెక్స్ హ్యామర్, తోక కొనతో పక్క నుంచి బొడ్డు వైపుకి, తేలిగ్గా, చురుగ్గా. నువ్వు గీసిన వైపుకి బొడ్డు చటుక్కున లాక్కుంటుంది, రెప్పపాటు పని, చూపు బొడ్డు మీదే ఉండాలి. అక్కడే పదిసార్లు గీకితే వచ్చేది కూడా అలిసిపోయి రాకుండా పోతుంది. సూది వాడొద్దు, బండి తాళం అసలే వద్దు.

ఇంత చేసినా రాకపోతే? లావుగా ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు, ముగ్గురు నలుగురు బిడ్డల్ని కన్న తల్లులు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, వీళ్లలో రెండు వైపులా రాకపోవడం మామూలే, దానికి టెన్షన్ పడి ఎంఆర్ఐ రాసెయ్యకు. సన్నగా ఉన్న కుర్రాడికి ఒక వైపు వచ్చి ఇంకో వైపు రాలేదంటే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చో. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే పిరమిడల్ దారి దెబ్బతింటే మోకాలి జెర్క్ ఎగిరిపడుతుంది, కడుపు రిఫ్లెక్స్ మాత్రం గమ్మునుంటుంది. లోతు రిఫ్లెక్సులు పెరగడం, చర్మం రిఫ్లెక్సులు పోవడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే వైపు కనపడితే ఆ గీతకి విలువ వచ్చినట్టు.

మామిడి కోతల సీజన్‌లో చెట్టు మీంచి పడ్డవాళ్లు వస్తారు చూడు, అప్పుడు ఇది ఇంకా పనికొస్తుంది. వెన్నుపాములో ఛాతీ భాగపు నరాలకి టి అని నంబర్లుంటాయి కదా, బొడ్డుకి పైన గీసేది టి8 నుంచి టి10, బొడ్డుకి కింద గీసేది టి10 నుంచి టి12. పైన వచ్చి కింద రాకపోతే దెబ్బ టి10 దగ్గరేమో అని అనుమానించొచ్చు. వెన్నెముక కదిలే ప్రమాదం లేదని పెద్ద డాక్టర్లు తేల్చాక తల ఎత్తమని చూస్తే, అలాంటి వాళ్లలో బొడ్డు పైకి జరుగుతుంది, దాన్నే బీవర్ సైన్ అంటారు. పడిన కొత్తలో స్పైనల్ షాక్‌లో, అంటే వెన్నుపాము కొన్నాళ్లు మొద్దుబారి ఉంటే మాత్రం దెబ్బకి కింద రిఫ్లెక్సులన్నీ పోయి ఉంటాయి, కాబట్టి మొదటి రోజే తీర్పు చెప్పకు, మళ్లీ మళ్లీ చూడు. మలద్వారం దగ్గర చర్మం గీస్తే ముడుచుకుంటుందా లేదా అన్నది కూడా చూడాలి, వెన్నుపాము అడుగున ఉండే ఎస్2 నుంచి ఎస్4 నరాల సంగతి చెప్పేది అదే. సిగ్గుపడి వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇక అరికాలు. నరాల డాక్టరు బాబిన్స్కీ 1896లో పారిస్‌లో చెప్పిన బొటనవేలి కదలికే ఇప్పటికీ మన ఓపీలో రోజూ చూస్తున్నాం. మడమ బయటి అంచు నుంచి మొదలుపెట్టి, చిటికెనవేలి కిందదాకా వచ్చి, లోపలికి తిప్పి, బొటనవేలి మొదలుకి రాకముందే ఆగు. బొటనవేలు మొదట ఎటు కదిలిందో అదే లెక్క, కిందికి వంగితే మామూలు, పైకి లేస్తే పాజిటివ్, పిరమిడల్ దారి మీద అనుమానం. చక్కిలిగిలి ఉన్నవాడు కాలంతా లాక్కుంటాడు, దాన్ని పాజిటివ్ అనుకుని ఇంట్లోవాళ్లని భయపెట్టొద్దు. మన పల్లెల్లో చెప్పుల్లేకుండా చేలో తిరిగిన అరికాళ్లుంటాయే, చెక్కలా గట్టిపడి పగుళ్లు బారి, వాటి మీద ఎంత గీసినా చలనం ఉండదు. అట్లాంటప్పుడు బయటి చీలమండ కింద నుంచి పాదం పక్కగా చిటికెనవేలి వైపు గీసి చూడు, చాడక్ అంటారు, నాకైతే అదే ఇష్టం. షుగర్ వల్ల పాదం మొద్దుబారినా, వేలు ఎత్తే కండరమే చచ్చుబడినా ఏమీ రాదు, కాబట్టి స్పర్శ, బలం చూడకుండా ప్లాంటార్, అంటే ఈ అరికాలి రిఫ్లెక్స్, గురించి రాయకు.

వేలు పైకి లేచిన ప్రతివాడికీ పక్షవాతం కాదు. ఏడాది లోపు పసిబిడ్డకి లేవడం సహజం. ఫిట్స్ వచ్చి తగ్గినవాడికి కాసేపు లేస్తుంది. షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాడికీ లేవొచ్చు, అందుకే స్కాన్‌కి పంపే ముందు గ్లూకోమీటర్ పెట్టు.

కంటి విషయం తొందరగా చెప్తా. దూది కొన నలిపి సన్నగా చేసి, అవతలి వైపు చూడమని, పక్క నుంచి తెచ్చి నల్లగుడ్డు అంచుని తాకించు, తెల్లగుడ్డుని కాదు. లెన్స్ పెట్టుకున్నారేమో ముందే అడుగు. రెండు కళ్లూ ఆర్పాలి. తాకిన కన్ను మాత్రమే ఆర్పకపోతే ఆ వైపు రెప్ప మూసే ఏడో నరం, రెండూ ఆర్పకపోతే తాకిన వైపు స్పర్శ తెలిపే ఐదో నరం మీద అనుమానం. మగపిల్లాడు వృషణం నొప్పితో వస్తే తొడ లోపలి వైపు గీసి చూడు, ఆ వైపు వృషణం పైకి లేవకపోతే మెలి తిరిగిందేమో, వెంటనే సర్జన్‌కి ఫోన్ చెయ్యి. లేచినా సరే, నొప్పి తీరు అనుమానంగా ఉంటే చెయ్యి, ఆలస్యం చేస్తే వృషణమే పోతుంది.

కేస్ షీట్‌లో ‘బాబిన్స్కీ నెగటివ్’ అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేలు కిందికి వంగితే ఫ్లెక్సార్, పైకి లేస్తే ఎక్స్‌టెన్సార్, కాబట్టి కుడి ప్లాంటార్ ఫ్లెక్సార్, ఎడమ ఎక్స్‌టెన్సార్, లేదా తేలలేదు, అంతే రాయి. కడుపుకైతే నాలుగు గళ్లు గీసి ఏ గడిలో వచ్చిందో గుర్తు పెట్టు, పక్కనే ఆపరేషన్ మచ్చ ఉందో లేదో కూడా రాయి, రాత్రి డ్యూటీకి వచ్చేవాడు మళ్లీ మొదటి నుంచి గీకకుండా ఉంటాడు.

మీ అత్త